నీలిచుక్క పెట్టె

శ్వేజ్వాంగ్ ఊరు, ఉత్తర జియాంగ్సు
ఆగస్టు 20

షూయే అక్కకు,

పెట్టె విప్పి, లోపల దుప్పటి లేదేమిటని కంగారు పడకు. లేదు, ఉండదు. పాత గుడ్డ పేలికలు, వాటి మధ్య ఈ ఉత్తరం, అంతే. పెట్టె మూల నీలి పెన్నుతో పెట్టిన చుక్క చూడు. చుక్క ఉంటే లోపల సరుకు లేదని మా ప్యాకింగ్ ఆడవాళ్ళకి గుర్తు. నీకూ అదే గుర్తు.

ఫోనులో చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఇకమీదట మనం ఫోనులో మాట్లాడుకోకూడదు. మా షాపు కొత్తది. నెట్‌లో కరెంటు దుప్పటి అని వెతికితే ఎక్కడో నలభయ్యో పేజీలో ఉంటాం. అక్కడిదాకా ఎవరొస్తారు? పైకి రావాలంటే అమ్మకాలు కనబడాలి, కొన్నవాళ్ళు మెచ్చుకుంటూ రాయాలి. అందుకని ఊరంతా చేసేదే మేమూ చేస్తున్నాం. నేను పంపిన ఐదు ఫోన్లలో ఐదు పేర్లున్నాయి కదా, ఆ పేర్లతో నువ్వు కొంటావు. డబ్బు మాదే. మేము గాలి పంపుతాం. నువ్వు ఐదు స్టార్లు ఇచ్చి నాలుగు మంచి మాటలు రాస్తావు. వెబ్‌సైటు వాళ్ళు ఇప్పుడు పెట్టె బరువు కూడా చూస్తున్నారు, అందుకే పేలికలు.

వాళ్ళ కంప్యూటరు మరీ తెలివి మీరింది. ఎవరు ఎవరికి చుట్టమో వాసన పట్టేస్తోంది. ఎదురింటి వాళ్ళకి ఒక షాపు మూతపడింది, పిన్ని కూతురితో రోజూ ఫోనులో మాట్లాడినందుకేనని అంటున్నారు. కాబట్టి నీ పాత నంబరు తీసేయ్. బావ నంబరు కూడా నాకు చెప్పకు. ఉత్తరాన్ని మాత్రం ఏ కంప్యూటరూ చదవలేదు. పంపే పెట్టెల్లో ఏదో ఒకదాంట్లో నా ఉత్తరం ఉంటుంది. నువ్వు సరుకు నచ్చలేదని పెట్టె తిప్పి పంపు, దాంట్లో నీ జవాబు పెట్టు.

నవ్వుకుంటున్నావా? నవ్వుకో. షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు ఎవరివో బొమ్మలకు కళ్ళు అతికించాను. ఇప్పుడు నా పేరు మీద షాపు, ఆరుగురు పనివాళ్ళు. ఈ ఊళ్ళో మూడొందల గడపలుంటే రెండొందల పైన షాపులున్నాయి. వెల్లుల్లి పీకిన చేతులన్నీ ఇప్పుడు టేపు చుడుతున్నాయి. ఈసారి ఇది నిలబడాలి అక్కా. మళ్ళీ ఆ బొమ్మల దగ్గరికి నేను వెళ్ళలేను.

నీ చెల్లెలు
మింగ్‌రోంగ్


మావోపింగ్, పశ్చిమ హునాన్
సెప్టెంబరు 3

మింగ్‌రోంగ్‌కు,

నీ గాలి క్షేమంగా చేరింది. ఏడు పెట్టెల గాలి.

మా అత్తను ఏమార్చడం నా వల్ల కాలేదు. ఆ ఐదు పేర్లలో ఒకటి ఆవిడదే కదా, చెప్పక తప్పలేదు. ముసలమ్మ మొదట కళ్ళజోడు పెట్టుకుని పెట్టెలన్నీ తడిమింది. ఆ తర్వాత అంది: "మీ చెల్లెలు గాలి అమ్ముతోంది, నువ్వు కొంటున్నావు, నేను అట్టపెట్టెలు పాత సామాన్లవాడికి అమ్ముకుంటున్నాను. ఈ వ్యాపారంలో బాగుపడేది నేనొక్కదాన్నే." అప్పట్నుంచి కొరియర్ బండి హారన్ వినిపిస్తే నాకంటే ముందు గుమ్మంలో ఉంటోంది. మోకాళ్ళ నొప్పని వంటింటిదాకా రాని మనిషి!

ఇక మెచ్చుకోళ్ళ సంగతి. ఏం రాయాలో తెలియక రెండు గంటలు కూర్చున్నాను. వాడని వస్తువు గురించి ఏం రాస్తాం? చివరికి అత్త పేరుతో ఇలా రాశాను: "నాకు డెబ్బై నాలుగేళ్ళు. రాత్రంతా పాదాలు వెచ్చగా ఉన్నాయి. మోకాళ్ళు మెత్తబడ్డాయి. కోడలు మంచిది కనక కొనిపెట్టింది." చదివి వినిపిస్తే, చివరి ముక్క అబద్ధమని ఎవరైనా పట్టేస్తారేమో చూసుకోమంది.

ఒక్క మాట. నాకు తోటపని, వంట, ఈవిడ మందులు ఉన్నాయి. రోజూ పెట్టెలు విప్పుతూ కూర్చోలేను. చుక్క ఉన్నవన్నీ మెట్ల కింద పడేసి, ఆదివారం ఒకేసారి విప్పుతాను. ఫోన్లు కూడా ఆదివారమే తీస్తాను. నీ ఉత్తరం ఆదివారం దాకా ఆగాలి మరి. మీ బావ గుయిజౌలో వంతెన పని అయ్యాక, ఇంకోటి మొదలయ్యేలోపు ఇంటికి వస్తాడనుకున్నాను, రాలేదు.

అక్క
షూయే


శ్వేజ్వాంగ్
సెప్టెంబరు 28

అక్కకు,

మొదటి పేజీ! మొదటి పేజీలో అడుగు నుంచి మూడో వరుసలో ఉన్నాం. నీ చేతి చలవ. అత్తగారి మెచ్చుకోలు చదివి జనం కొంటున్నారంటే నమ్ము. ఒకావిడ షాపుకి మెసేజి పెట్టింది, "ఆ మోకాళ్ళ అమ్మమ్మ వాడేది ఏ పువ్వుది, అదే కావాలి" అని. ఎర్ర పువ్వులదని జవాబిచ్చాం, ఇప్పుడు అందరూ ఆ దుప్పటే అడుగుతున్నారు.

మొన్న మండలం నుంచి లూ ఆఫీసరు వచ్చి మా గుమ్మానికి ఇత్తడి పలక కొట్టించి వెళ్ళాడు. "ఆదర్శ నెట్ వ్యాపార కుటుంబం" అని. వీధి చివర బ్యానరు కట్టారు. బయటి జిల్లాల వాళ్ళు బస్సుల్లో వచ్చి చూసి పోతున్నారు, మేం టేపు చుడుతుంటే ఫోటోలు తీస్తున్నారు. పదేళ్ళ కిందట ఈ వీధిలో పెళ్ళి సంబంధానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు తారు రోడ్డు, కొరియర్ ఆఫీసులు నాలుగు, ఇంటింటికీ కారు. ఇదంతా ప్రభుత్వం కట్టిన పెద్ద ఫ్యాక్టరీ వల్ల రాలేదు అక్కా, మాలాంటి చిన్నవాళ్ళు ఇంటి వసారాలో చేసుకున్నది.

కాకపోతే లూ ఆఫీసరు టీ తాగుతూ, ఈ ఏడు ఊరి అమ్మకాలు పోయినేటికి రెట్టింపు కావాలన్నాడు. మండలానికి ఒక అంకె ఇచ్చారట పైనుంచి. గాలి పెట్టెల సంగతి తెలుసా అతనికి అని మా ఆయన తియెచెంగ్‌ని తర్వాత అడిగాను. తెలియకపోతే అంకె ఎలా నిండుతుందనుకున్నావు అన్నాడు.

ఎదురింటివాళ్ళు ధర తగ్గించారు. మేమూ తగ్గించాం. వాళ్ళు మళ్ళీ తగ్గించారు. పదకొండో నెల పదకొండో తారీఖు పెద్ద అమ్మకాల రోజుదాకా ఇదే వరస. తియెచెంగ్ సరిగా తినడం లేదు.

మింగ్‌రోంగ్


మావోపింగ్
అక్టోబరు 19

మింగ్‌రోంగ్‌కు,

పలక మీద నీ పేరుందా, మీ ఆయనదా? నీ పేరు లేకపోతే ఊడబీకి నాకు పంపు, మా అత్త పాత ఇత్తడి కూడా అమ్ముతుంది.

ఆదివారం నాడు మెచ్చుకోలు రాయడానికి మీ షాపు తెరిచాను. నా అబద్ధాల మధ్యలో ఒక కొత్త మాట కనబడింది. ఎవరో రాశారు: "మూడో రోజుకే కాలిన వాసన. దుప్పటి మధ్యలో అరచేయంత గోధుమరంగు మచ్చ. పిల్లను దాని మీద పడుకోబెట్టాను, తలచుకుంటే వణుకు పుడుతోంది." ఫోటో కూడా ఉంది. అత్తకు చూపిద్దామని అరగంట తర్వాత తెరిస్తే అది లేదు. మొత్తం వెతికాను. కింద నా మోకాళ్ళ అమ్మమ్మ నవ్వుతూ కూర్చుంది, ఆ తల్లి మాత్రం లేదు. ఎక్కడికి పోయింది?

ఇంకో విషయం. ఇక్కడ చలి దిగింది, తడి చలి. అత్త రోజంతా కొయ్య పెట్టెలో బొగ్గులు పోసుకుని, దాంట్లో పాదాలు పెట్టుకుని, మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. ఎప్పుడు నిప్పంటుకుంటుందో, ఎప్పుడు పొగకి ఊపిరాడకుండా పోతుందో అని తోటలో ఉన్నా నా ప్రాణం ఇంట్లోనే ఉంటుంది. పైగా ఈ ఇల్లు మొత్తం చెక్క. ఒక నిజం దుప్పటి పంపు. డబ్బు నేనిస్తాను, నా సొంత డబ్బు. ముసలమ్మ కూడా అడిగింది. "రెండు నెలలుగా నేను దాన్ని పొగుడుతున్నాను, ఒకసారి ముఖం చూపించమను" అంది.

అక్క


శ్వేజ్వాంగ్
అక్టోబరు 29

అక్కకు,

దుప్పట్లు ఇప్పుడు లేవు. స్టాకు అయిపోయింది. ఆ రాసినామె ఎదురింటివాళ్ళు పెట్టించిన మనిషి. అలాంటివి తీసేయించడానికి జిల్లా కేంద్రంలో ఒకతను ఉన్నాడు. అందరూ అతని దగ్గరికే వెళ్తారు. అందులో తప్పేం లేదు.

అత్తగారిని కొన్నాళ్ళు ఆగమను. నేనే మంచిది చూసి పంపుతాను. బయట ఎక్కడా మా దుప్పటి కొనకు. ఇక్కడ చాలా పనిగా ఉంది.

మింగ్‌రోంగ్


మావోపింగ్
నవంబరు 5

మింగ్‌రోంగ్‌కు,

చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే మాటలు పొట్టివైపోయేవి. పక్కింటి బాతును రాయి పెట్టి కొట్టిన రోజు కూడా "చూడలేదు. తెలియదు. ఆకలేస్తోంది" అన్నావు. నీ ఉత్తరం నిండా పొట్టి మాటలే.

స్టాకు లేకపోతే పదకొండో తారీఖున ఏం అమ్ముతావు? బయట కొనకు అని ఎందుకు రాశావు?

నాకు అంకెలు తెలియవు. లూ ఆఫీసరూ తెలియదు. నాకు తెలిసింది నువ్వే. ఏదో దాస్తున్నావు. అది ఏమిటో రాసేదాకా నేను ఇంకో మెచ్చుకోలు రాయను. ఐదు ఫోన్లూ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

అక్క


శ్వేజ్వాంగ్
నవంబరు 12

అక్కకు,

రాస్తున్నాను. చదివాక కాల్చేయ్.

దుప్పటిలో తీగతో పాటు గోరంత బిళ్ళ ఒకటి ఉంటుంది. వేడి హద్దు దాటితే అదే కరెంటు ఆపేస్తుంది. అక్టోబరులో బిళ్ళలు అమ్మేవాడి దగ్గర సరుకు అయిపోయింది. అందరికీ ఒకేసారి కావాలి కదా. ఉన్న కాసినీ ఎదురింటివాళ్ళు ఎక్కువ ధర పెట్టి ఎత్తుకుపోయారు. ఎర్ర పువ్వుల దుప్పటి ధర మేం అప్పటికే దించేశాం, ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి. తియెచెంగ్ బిళ్ళ లేకుండానే కుట్టించాడు. పరీక్ష పాసైనట్టు లేబుల్ మాత్రం అన్నిటికీ అతికించారు.

నాకు తెలిసేసరికి నాలుగు వందలు కుట్టేశారు. ఆపమన్నాను. ఈ ఒక్క చలికాలం, వచ్చే ఏడు అన్నిటికీ రెండేసి బిళ్ళలు వేద్దాం అన్నాడు. చాలామంది పడుకునే ముందు ఆపేస్తారులే అన్నాడు. నేను ఒప్పుకోలేదు అక్కా, కానీ ఊరుకున్నాను. ఆ రెంటికీ తేడా ఉందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

నిన్న ఒక్కరోజున రెండు వేల మూడు వందలు వెళ్ళాయి. అన్నీ ఎర్ర పువ్వులవే. లూ ఆఫీసరు సాయంత్రం పటాసులు పట్టుకొచ్చి వీధిలో కాల్పించాడు. మా వాకిట్లో పెట్టెలు గోడకంటే ఎత్తు. కొత్తగా పెట్టుకున్న నలుగురు ఆడవాళ్ళు లేబుళ్ళు అతికిస్తూనే ఉన్నారు. నేను నవ్వుతూ ఫోటోకి నిలబడ్డాను.

నీకు దుప్పటి ఎందుకు పంపలేదో ఇప్పుడు తెలిసిందా? మా ఎర్ర పువ్వుల దుప్పటి ఎవరైనా ఊరికే ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకు. ప్లగ్గు పెట్టకు. బిళ్ళలు వచ్చాక నా చేత్తో ఒకటి కుట్టి అత్తగారికి పంపుతాను.

ఇప్పటికి అన్నం సయించడం మొదలుపెట్టింది. నీకు చెప్పేశాను కదా. ఈ ఉత్తరాన్ని పేలికల్లో పెట్టి, చుక్క పెట్టి, మిగతా పెట్టెలతో పాటు వాకిట్లో పెడుతున్నాను.

మింగ్‌రోంగ్


మావోపింగ్
నవంబరు 19

నా బంగారు చెల్లికి,

నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకు. ఉత్తరంలో సంజాయిషీ చెప్తావనుకుంటే ఏకంగా దుప్పటే పంపావు! నిన్న కొరియర్ వాడు ఒక్కరోజే పదమూడు పెట్టెలు దింపాడు. పన్నెండింటికి చుక్క ఉంది. మెట్ల కింద చోటు చాలక మెట్ల మీద కూడా పేర్చాను, ఆదివారం చూద్దామని. పదమూడోదాని మీద చుక్క లేదు. అక్కడికక్కడే కత్తెరతో కోశాను.

ఎర్ర పువ్వులు! లోపల ఉత్తరం లేదు, వెతికాను. పని తొందరలో రాయడానికి తీరలేదులే అనుకున్నాను. దుప్పటి పంపావంటే దాచేదేమీ లేదన్నట్టేగా. అదే నాకు జవాబు.

ముసలమ్మను చూడాల్సింది. పువ్వుల మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. "నా పెళ్ళికి కూడా ఇంత ఎర్రటిది లేదు" అంది. పైగదిలో మంచం మీద పరిచి ప్లగ్గు పెట్టాను. కాసేపటికి పిలిచి, పాదాలు తన కాళ్ళకే ఉన్నాయో లేదో చూడమంది. కొన్నేళ్ళుగా పాదాలు తెలియలేదట ఆవిడకి, ఇప్పుడు తెలుస్తున్నాయట. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బొగ్గుల పెట్టెను మేకల కొట్టంలో పడేశాను, పీడ వదిలింది. మధ్యాహ్నం భోజనం కాగానే పైకెక్కి పడుకుంటోంది. నేను ఇన్నాళ్ళకి నిశ్చింతగా ముల్లంగి తోటకి వెళ్తున్నాను.

నీకు ఒక మాట రాయమంది, ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను: "నా పేరు మీద రాసిన అబద్ధాలన్నీ నిజమయ్యాయని చెప్పు."

అందుకని బియ్యం డబ్బాలోంచి ఫోన్లు తీస్తున్నాను. ఈ ఆదివారం నీకు యాభై మెచ్చుకోళ్ళు రాస్తాను. చేతులు పడిపోయినా సరే.

అక్క


శ్వేజ్వాంగ్
నవంబరు 23

అక్కా,

దుప్పటి ప్లగ్గు పీకు. ఇది చదువుతున్న క్షణమే పైకి వెళ్ళి పీకు. తర్వాత మిగతాది చదువు.

నేను పంపలేదు. నీకు పంపింది పేలికలూ ఉత్తరమూ. నిన్న ఉహు పట్నం నుంచి ఒకావిడ షాపుకి ఫిర్యాదు పెట్టింది, దుప్పటికి డబ్బు కడితే గుడ్డ ముక్కలు, ఎవరిదో ఉత్తరం వచ్చాయని. ఫోటో పెట్టింది. నా చేతిరాత. మొదటి వాక్యం చూడగానే నీకు రాసిన ఏ ఉత్తరమో తెలిసింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి చుక్క సంగతి ఎవరూ చెప్పలేదు. నీ లేబుల్ ఆవిడ పెట్టె మీద, ఆవిడ లేబుల్ నీ పెట్టె మీద అతికించారు. బరువు ఒకటే, ఎవరికీ తెలియలేదు. నువ్వు పెట్టె చూసి చుట్టేసి పక్కన పెట్టి ఉంటావులే అని రాత్రంతా దేవుళ్ళకి మొక్కుకున్నాను. పొద్దున్న నీ ఉత్తరం వచ్చింది.

నీ పాత నంబరు లేదంటోంది. బావ నంబరు నాకు తెలియదు. ఐదు పేర్లకీ షాపు నుంచి మెసేజీలు పెట్టాను, ఒక్కటీ చదివినట్టు గుర్తు రాలేదు. మీ ఊరి కొరియర్ ఆఫీసు నంబరు పట్టుకుని నలభై సార్లు చేశాను, ఎవరూ ఎత్తరు. మీ ఊరి పోలీసులకు చేద్దామని నంబరు నొక్కాను. ఒకతను ఎత్తి ఏం కావాలని అడిగాడు. దుప్పటిలో ఏముందని చెప్పాలి? ఎవరు కుట్టారని చెప్పాలి? పెట్టేశాను. మళ్ళీ చేస్తాను అక్కా, తియెచెంగ్‌తో మాట్లాడి చేస్తాను.

అన్నిటికంటే వేగంగా పోయే కొరియర్‌లో ఇది పంపుతున్నాను, ఎల్లుండి పొద్దుటికి చేరుతుందన్నాడు. నేనూ రైలెక్కుతున్నాను, చాంగ్‌షాలో మారి బస్సు పట్టుకుంటే ఎల్లుండి చీకటిపడే వేళకి వస్తాను. ఏది ముందు చేరితే అది. ఇంట్లో కవరు లేక చిన్న పెట్టెలో పెడుతున్నాను. లోపల నా ఉత్తరం ఉందని నీకు తెలియాలి కదా, అందుకని నాలుగు వైపులా పెద్ద పెద్ద చుక్కలు పెట్టాను.

ప్లగ్గు పీకు అక్కా.

మింగ్‌రోంగ్


మావోపింగ్
డిసెంబరు 16

మింగ్‌రోంగ్‌కు,

నువ్వు వచ్చి మూడు రోజులున్నావు. తెల్లబట్ట కట్టుకుని వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చున్నావు. బిళ్ళ సంగతి, పదకొండో తారీఖు అమ్మకాల సంగతి నువ్వు చెబుతుంటే విన్నాను, నీతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఏం అనేదాన్నో నాకే తెలియదు. ఇప్పుడు రాయగలను.

నీ పెట్టె అన్నమాట ప్రకారమే వచ్చింది. ఇరవై ఐదో తారీఖు, పొద్దున్న పదకొండింటికి. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. నాలుగు వైపులా చుక్కలున్నాయి. ఇన్ని చుక్కలేమిటే నీకు, పిచ్చిదానా అనుకుని నవ్వాను. అంతకుముందు ఆదివారం తోటపనిలో పెట్టెలూ ఫోన్లూ ముట్టుకోలేదు, అన్నీ అలాగే ఉన్నాయి. మెట్ల మీద మిగతావాటి పైన పెట్టాను. ఆదివారం చూద్దామని.

అత్త భోజనం చేసి, మెట్ల మీద పెట్టెల్ని కాలితో పక్కకి జరుపుకుంటూ, మీ చెల్లెలు నన్ను నా మంచం దగ్గరికి కూడా పోనివ్వదు అని గొణుక్కుంటూ పైకెక్కింది. నేను ముల్లంగి తోటకి పోయాను. రెండింటికి పొగ చూశాను.

నేను పరుగెత్తి వచ్చేసరికి పక్కింటివాళ్ళు మెట్ల దగ్గర ఉన్నారు. పైకి వెళ్ళాలంటే పెట్టెలు తియ్యాలి. ఇరవై ఆరు పెట్టెలు. ఒక్కొక్కటీ అందుకుని వాకిట్లోకి విసిరాం. లోపల ఏమీ లేని పెట్టెలు మింగ్‌రోంగ్, ఎంత బరువున్నాయో! దారి అయ్యేసరికి పైన గది కనిపించలేదు. ఒళ్ళు కాలలేదు, పొగ పట్టింది అన్నాడు డాక్టరు. అది మంచి వార్త అయినట్టు చెప్పాడు. పాదాలకు మాత్రం మేజోళ్ళు లేవు. వెచ్చగా ఉందని విప్పేసుకుంది.

సాయంత్రం వాకిట్లో పెట్టెల మధ్య నీ పెట్టె దొరికింది. నువ్వు బస్సు దిగడానికి గంట ముందు చదివాను. లేబుళ్ళు తారుమారు కావడం పొరపాటు. దానికి నిన్ను తిట్టను. చుక్క చూసి పక్కన పెట్టింది నేను, ఆ మాట నాతో నేను తేల్చుకుంటాను. కానీ పోలీసాయన ఎత్తాడని రాశావు. ఏం కావాలని అడిగాడని రాశావు. పెట్టేశానని రాశావు. ఆ మాట దగ్గరే నేను ఇంకా ఉన్నాను. రెండు రోజుల టైముంది అప్పటికి. అతను స్కూటరెక్కితే మా ఇంటికి పది నిమిషాలు.

నిన్న బియ్యం డబ్బా పక్కనున్న ఐదు ఫోన్లలో ఆవిడ పేరున్నది తీశాను. ఆ దుప్పటి ఆర్డరు కింద ఒక్క స్టారు ఇచ్చి ఇలా రాశాను:

"నా పేరు తియెన్ జూయింగ్. నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఇంతకుముందు నా పేరుతో రాసినవేవీ నేను రాయలేదు. ఈ దుప్పటి ఏడు రోజులు వాడాను. చాలా వెచ్చగా ఉంది. ఎనిమిదో రోజున దీని వల్లే చనిపోయాను. దీంట్లో ఉండాల్సిన బిళ్ళ లేదు."

గంటన్నరకి ఆ ఫోను మోగింది. జిల్లా కేంద్రంలో ఉన్న మీ తీసేయించేవాడు. గొంతు చాలా మర్యాదగా ఉంది. "తియెన్ అమ్మమ్మేనా? ఆ మాట తీసేస్తే కొత్త దుప్పటి ఉచితంగా పంపుతాం" అన్నాడు. చిరునామా అదేనా అని అడిగాడు. అతన్ని నువ్వు పురమాయించావో, అతనంతట అతనే చేశాడో నాకు చెప్పకు. ఈ రోజు తెరిచి చూస్తే నేను రాసింది లేదు.

అందుకని ఇప్పుడు నీకు రాస్తున్నాను, నీ ఒక్కదానికే. ఆ పదకొండో తారీఖున కొన్న రెండు వేల మూడు వందల మంది పేర్లు, చిరునామాలు నీ కంప్యూటరులో ఉన్నాయి. ఉహులో ఉన్న ఆవిడ దగ్గర నీ ఉత్తరం ఉంది, ఆవిడకి తెలుసు. మిగతావాళ్ళకి తెలియదు. ఇక్కడ ఈ రోజు వాననీళ్ళు గడ్డకట్టాయి, అందరూ ప్లగ్గులు పెట్టే ఉంటారు. పోలీసులకు చెప్పు. చెప్పి, అందరికీ ఫోన్ చెయ్యి, ఎత్తనివాళ్ళకి ఉత్తరం రాయి. షాపు పోతుంది, పలక పోతుంది, మళ్ళీ షెన్‌జెన్ పోయి బొమ్మలకు కళ్ళు అతికించుకుంటావు. అతికించుకో. ఆ రోజు నా ఇంటికి రా, తలుపు తీస్తాను.

ఆ ఉత్తరాల మీద మాత్రం చుక్క పెట్టకు.

షూయే